ఉప్పు అమ్ముడవుతుంది, నూనె మిగులుస్తుంది

రెడ్డిగూడెం మామిడి మండలం. నూజివీడు, మైలవరం, విస్సన్నపేటల మధ్య పరుచుకున్న ఈ తోటల సీమలో కాయ పుల్లబడి టెంక గట్టిపడే రోజులు వచ్చాయంటే కిరాణా కొట్టు బిల్లు రూపమే మారిపోతుంది. ఆవపిండి, కారం, ఉప్పు, మెంతులు, నువ్వుల నూనె ఒకే చీటీలోకి వచ్చి చేరతాయి. ఏ ఇంట్లో ఆవకాయ పెడుతున్నారో చీటీ చూసి కొట్టాయన చెప్పగలడు. చెప్పలేనిది వేరే ఉంది. ఈ చీటీలన్నిటిలో ఏయే సరుకులు జట్టుగా వెళ్ళినప్పుడు తనకు ఎక్కువ మిగులుతోంది? రేపు ఇంకో రెండు వందల చీటీలు పడ్డాక కూడా అదే జవాబు నిలుస్తుందా?

కంప్యూటర్ శాస్త్రంలో ఈ ప్రశ్న మీద ఇరవై ఏళ్ళకు పైగా పని జరిగింది. దీనికి హై యుటిలిటీ ఐటమ్‌సెట్ మైనింగ్ అని పేరు. తెలుగులో విలువైన జట్ల వెతుకులాట అనుకుందాం. మారుతూ ఉండే బిల్లుల పుస్తకం మీద ఈ పని చేయడం అందులో ఒక పెద్ద పాయ. ఆ పాయలో వచ్చిన పనిని వరసగా చదివితే ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది. వేగం విషయంలో పరిశోధకులు అద్భుతాలే చేశారు. కానీ వాళ్ళు మార్పు అంటే చాలావరకు కొత్త బిల్లులు రావడమే అనుకున్నారు. కొట్లో మారేది అంతకంటే ఎక్కువగా సరుకు మీది మిగులు. ఈ సమీక్షలో నా వాదన అదే.

ముందు పాత కథ క్లుప్తంగా. 1993లో ఐబీఎం ఆల్మడెన్ పరిశోధనశాల నుంచి రాకేశ్ అగ్రవాల్, ఇమియెలిన్‌స్కీ, స్వామి బిల్లుల్లో కలిసి వచ్చే సరుకుల సూత్రాలను వెతికే సమస్యను ముందుకు తెచ్చారు. మరుసటి ఏడాది అగ్రవాల్, రామకృష్ణన్ శ్రీకాంత్ ఇచ్చిన ఏప్రియోరి పద్ధతి ఈ రంగానికి ఓనమాలు. దాని బలమంతా ఒక్క మాటలో ఉంది: ఒక జట్టు తగినన్ని బిల్లుల్లో లేకపోతే, దానికి ఇంకేం జోడించినా ఆ కొత్త జట్టూ ఉండదు. కాబట్టి అక్కడికక్కడే ఆ కొమ్మను నరికేయవచ్చు. 2000లో జియావే హాన్, పెయ్, యిన్ బిల్లులన్నిటినీ చెట్టు ఆకారంలోకి కుదించే ఎఫ్‌పీ గ్రోత్ తెచ్చారు. ఈ పద్ధతులన్నీ ఎన్నిసార్లు అన్నది మాత్రమే లెక్కపెడతాయి. వాటి ముందు పెడితే రెడ్డిగూడెంలోని ఏ కొట్టులోనైనా మొదటి స్థానం ఉప్పుకే దక్కుతుంది.

ఎంత మిగిలింది అన్నది లెక్కలోకి రావడానికి మరో పదేళ్ళు పట్టింది. 2003లో చాన్, యాంగ్, షెన్ ఆ దారి తెరిచారు. 2004లో కెనడాలోని రెజైనా నుంచి యావో, హామిల్టన్, బట్జ్ ఇప్పటికీ అందరూ వాడుతున్న నిర్వచనం ఇచ్చారు. బిల్లులో ఎన్ని కొన్నారన్నది లోపలి విలువ, ఒక్కోదాని మీద ఎంత లాభమన్నది బయటి విలువ. రెండింటినీ గుణించి, ఆ జట్టు మొత్తంగా ఉన్న బిల్లులన్నిటిలో కూడితే దాని విలువ తేలుతుంది. అది మనం పెట్టుకున్న హద్దును చేరితే విలువైన జట్టు.

నాలుగు బిల్లులు చాలు

చిన్న లెక్క వేసి చూద్దాం. అంకెలు లెక్క కోసం వేసుకున్నవే. ఉప్పు ప్యాకెట్ మీద 2 రూపాయలు, కిలో కారం మీద 30, కిలో ఆవపిండి మీద 25, లీటరు నువ్వుల నూనె మీద 40 లాభం అనుకుందాం. మొదటి బిల్లులో రెండు ఉప్పు, ఒక కారం. మిగిలింది 34. రెండో బిల్లులో మూడు ఉప్పు, ఒక ఆవపిండి, రెండు నూనె. మిగిలింది 111. మూడో బిల్లులో ఒక్క ఉప్పు ప్యాకెట్, 2 రూపాయలు. నాలుగో బిల్లులో కారం, ఆవపిండి, నూనె ఒక్కొక్కటి, 95. అన్నీ కలిపి 242. హద్దు 100 రూపాయలు.

ఉప్పు మూడు బిల్లుల్లో ఉంది, మిగిల్చింది 12 రూపాయలు. ఆవపిండి ఒక్కటీ 50, హద్దు దాటలేదు. దానికి నూనె జోడిస్తే 170, దాటింది. ఆ రెండింటికీ కారం కలిపితే 95కి పడింది. కారం తీసి ఉప్పు కలిపితే 111, మళ్ళీ దాటింది. జట్టు పెరిగేకొద్దీ విలువ పైకి పోవచ్చు, కిందికీ రావచ్చు. ఏప్రియోరి నమ్ముకున్న ఆ ఒక్క మాట ఇక్కడ చెల్లదు. ఆవపిండికి హద్దు చేరే శక్తి లేదని పక్కన పెట్టామా, దుకాణంలోని బంగారు జట్టునే పోగొట్టుకుంటాం. ఈ రంగంలోని తలనొప్పులన్నీ ఇక్కడే పుట్టాయి.

దీనికి 2005లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం నుంచి యింగ్ లియు, లియావ్, అలోక్ చౌదరి మందు కనిపెట్టారు. జట్టు విలువకు బదులు అది ఉన్న బిల్లుల మొత్తం విలువను కూడితే ఆ సంఖ్య జట్టు పెరిగేకొద్దీ తగ్గడమే గాని పెరగదు. దీన్ని టీడబ్ల్యూయూ అంటారు. మన లెక్కలో ఉప్పు, కారం కలిసి ఉన్నది మొదటి బిల్లులోనే. టీడబ్ల్యూయూ 34. కాబట్టి ఆ రెండూ ఉన్న ఏ జట్టునూ ఇక చూడక్కర్లేదు. మందు బాగానే పనిచేస్తుంది, మోతాదే ఎక్కువ. నిజానికి 12 రూపాయలు మిగిల్చిన ఉప్పుకు టీడబ్ల్యూయూ 147 వచ్చి అది హద్దు దాటినట్టు కనిపిస్తుంది. ఇలాంటి ఉత్తుత్తి అభ్యర్థులు పెద్ద పుస్తకంలో లక్షల్లో పుట్టుకొస్తాయి. వాటిలో నిజమైనవి ఏవో తేల్చడానికి బిల్లులన్నీ మళ్ళీ తిరగేయాలి.

ఇక మార్పు. ఐదో బిల్లు వచ్చింది: రెండు ఉప్పు, మూడు కారం, 94 రూపాయలు. నిన్న కొట్టేసిన ఉప్పు, కారం జట్టు విలువ ఇప్పుడు 34, 94 కలిపి 128. విలువైన జట్టుగా లేచి కూర్చుంది. నిన్న దాని గురించి ఏమీ దాచుకోకుండా పారేసి ఉంటే పాత బిల్లులు తవ్వక తప్పదు. హద్దును 100 రూపాయలని కాక మొత్తం లాభంలో 40 శాతమని పెట్టుకుని ఉంటే ఇంకో వింత జరుగుతుంది. నిన్నటి హద్దు 96.8, ఈ రోజుది 134.4. ఐదో బిల్లుతో ఏ సంబంధమూ లేని నూనె, 120తో, జాబితా నుంచి జారిపోతుంది. ఉప్పు, ఆవపిండి, నూనెల జట్టు కూడా 111తో అదే దారి పడుతుంది. ఒక్క చీటీకి ఒకరు లోపలికి రావచ్చు, దానితో పరిచయమే లేనివాళ్ళు బయటికి పోవచ్చు. పాత శ్రమ వృథా కాకుండా ఈ రాకపోకలను పట్టుకోవడం ఎలా అన్నదే అసలు సమస్య.

ఏం దాచుకోవాలి

తరచుదనం లెక్కల్లో ఈ ప్రశ్న ముందే వచ్చింది. 1996లో డేవిడ్ చుంగ్, హాన్, మరి కొందరు ఎఫ్‌యూపీ పద్ధతిలో పాత ఫలితాలను దాచుకుని కొత్త బిల్లుల ఫలితాలతో సరిపోల్చారు. మరుసటి ఏడాది తొలగింపులకూ దాన్ని విస్తరించారు. పాతలో లేక కొత్తలో ఉన్న జట్టు ఎదురైనప్పుడు మాత్రం పాత పుస్తకం తిరగేయాల్సిందే. ఆ బాధ తప్పించడానికి 2001లో తైవాన్‌కు చెందిన హాంగ్ బృందం చెప్పిన ఉపాయం నాకు ఈ రంగం మొత్తంలో అన్నిటికంటే అందంగా అనిపిస్తుంది. ఒక హద్దు బదులు రెండు పెట్టుకుంటారు. పై హద్దు చేరినవి గెలిచినవి. రెండింటి మధ్య ఉన్నవి దగ్గరదాకా వచ్చినవి, వాటి లెక్కనూ దాచి ఉంచుతారు. పదివేల బిల్లులున్నాయి, పై హద్దు 5 శాతం, కింది హద్దు 4 శాతం అనుకోండి. అప్పుడు 105 కొత్త బిల్లులదాకా పాత పుస్తకం ముట్టుకోవలసిన పనే లేదని సూత్రం హామీ ఇస్తుంది. కింది హద్దుకు ఒక్కటి తక్కువగా 399 బిల్లుల్లో ఉన్న జట్టు ఆ కొత్త 105లో ప్రతిదానిలో ఉన్నా 504కే చేరుతుంది. కావలసింది 505 పైన. తరవాత ఈ ఆలోచననే బిల్లుల సంఖ్య బదులు రూపాయల మీద పెట్టి విలువైన జట్లకూ వాడారు.

విలువైన జట్ల విషయంలో మలుపు 2009లో వచ్చింది. దక్షిణ కొరియాలోని క్యుంగ్ హీ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న చౌధురి ఫర్హాన్ అహ్మద్, తన్బీర్, జియోంగ్, లీ కలిసి ఐహెచ్‌యూపీ అనే చెట్లను ప్రతిపాదించారు. ఒకసారి కట్టుకో, ఎన్నిసార్లయినా తవ్వుకో అన్నది వారి సూత్రం. హద్దు మార్చి మళ్ళీ అడిగినా చెట్టు అదే. కొత్త బిల్లు వస్తే చెట్టులో ఒక దారిని పొడిగిస్తే చాలు. ఇందులో మూడు రకాలు పెట్టారు. సరుకుల్ని అక్షర క్రమంలో పెట్టే మొదటి చెట్టుకు కొత్త బిల్లులు ఎన్ని వచ్చినా కొమ్మలు సర్దాల్సిన అవసరం ఉండదు, కాకపోతే లావెక్కుతుంది. తరచుదనం ప్రకారం సర్దే రెండోది సన్నగా ఉంటుంది. టీడబ్ల్యూయూ ప్రకారం సర్దే మూడోదాన్ని తవ్వడం తేలిక. కొత్త బిల్లులతో వరస మారితే ఈ రెండింటిలోనూ కొమ్మలను పక్కకు జరపాలి. ఎక్కడ ఖర్చు పెట్టుకుంటారు, నింపేటప్పుడా, తవ్వేటప్పుడా అన్న బేరం ఇంత శుభ్రంగా ముందు పెట్టిన పత్రం అంతకు ముందు లేదనే నా అభిప్రాయం. దాని బలహీనత టీడబ్ల్యూయూ నుంచి వారసత్వంగా వచ్చినదే: అభ్యర్థులు కుప్పలుగా పుడతాయి. 2010లో తైవాన్‌కు చెందిన విన్సెంట్ సెంగ్ బృందం యూపీ గ్రోత్‌తో ఆ అంచనాలను గట్టిగా కోసి కుప్పను చాలా తగ్గించింది.

కుప్పే లేకుండా చేసింది 2012లో మెంగ్‌చీ లియు, జున్‌ఫెంగ్ చూ తెచ్చిన హెచ్‌యూఐ మైనర్. ఇందులో చెట్టు లేదు, జాబితాలున్నాయి. ప్రతి సరుకు జాబితాలోని ఒక్కో గీతలో మూడు అంకెలు: బిల్లు నంబరు, ఆ బిల్లులో ఈ సరుకు మిగిల్చింది, వరసలో దీని తరవాత వచ్చే సరుకులన్నీ కలిసి మిగిల్చింది. రెండు సరుకుల జాబితాలను బిల్లు నంబర్ల దగ్గర కలిపితే జట్టు విలువ అక్కడికక్కడే నిక్కచ్చిగా తెలుస్తుంది. మూడో అంకె ఇంకా పైకి పోయే అవకాశం ఉందో లేదో చెబుతుంది. కెనడాకు చెందిన ఫిలిప్ ఫోర్నియే-వీజే 2014లో ఎఫ్‌హెచ్‌ఎంతో ఈ కలపడాలను బాగా తగ్గించారు, 2015లో తన సహచరులతో ఈఎఫ్‌ఐఎం తెచ్చి వేగాన్ని మరో మెట్టు ఎక్కించారు. ఆయన ఎస్‌పీఎంఎఫ్ అనే ఉచిత జావా భాండాగారంలో ఈ పద్ధతులను అందరికీ అందుబాటులో పెట్టడం వల్లే ఈ రంగంలో ఎవరి మాట నిజమో ఎవరైనా నడిపి చూసుకోగలుగుతున్నారు.

మారే పుస్తకాలకు జాబితాలు చక్కగా అమరాయి. కొత్త బిల్లు అంటే జాబితా చివర ఒక గీత. 2015లో వచ్చిన ఈఐహెచ్‌ఐ పద్ధతి ఒక చిన్న గమనికను పట్టుకుంది: కొత్త బిల్లుల్లో కనిపించని జట్టు విలువ మారదు, కాబట్టి కనిపించినవాటినే తిరిగి చూడు. పాత విజేతలను ఒక చిన్న చెట్టులో గుర్తు పెట్టుకుని వాటి అంకెలు సవరిస్తుంది. 2017లో ఉనిల్ యున్ బృందం ఎల్‌ఐహెచ్‌యూపీలో ఒక్కసారి బిల్లులు చదివితే చాలనిపించింది. తరవాతి మెరుగుదలలు ఎక్కువగా ఇదే బాటలో మరో రెండడుగులు. వాటిని ఇక్కడ ఒక్కొక్కటిగా చెప్పబోను.

ఈ పనిలో తెలుగువాళ్ళ పాలు కూడా ఉంది. ఐఐఐటీ హైదరాబాద్‌లో పి. కృష్ణారెడ్డి దగ్గర పరిశోధన చేసిన ఆర్. ఉదయ్ కిరణ్, ఆయనతో కలిసి 2010లో ఒక క్రమం తప్పకుండా తిరిగి తిరిగి వచ్చే జట్ల మీద పత్రం రాశారు. తరవాత జపాన్ వెళ్ళిన ఉదయ్ కిరణ్, ఫోర్నియే-వీజే, కృష్ణారెడ్డి తదితరులతో 2019లో తరచుదనం, విలువ రెండూ ఉన్న జట్లను వేగంగా వెతికే పద్ధతిని ఇచ్చారు. ఆయన నడిపే పామీ అనే పైథాన్ భాండాగారం, జావా రాని విద్యార్థులకు వరం. కృష్ణారెడ్డి, అనిర్బన్ మండల్, పారుల్ చౌదరి వేసిన ప్రశ్న ఇంకా కొట్టుకు దగ్గరిది: దొరికిన జట్లను ఏ అరలో, ఎంత చోటులో పెట్టాలి? ఒకటి, రెండు, మూడు సరుకుల జట్లలో ఒక్కో పరిమాణానికి పై వరుసవాటిని మాత్రమే విడివిడిగా దాచుకునే సూచిక వాళ్ళది. లక్ష జట్లు చూపించే పద్ధతి కంటే అరకు సరిపడా పది చూపించేది ఏ కొట్టాయనకైనా నచ్చుతుంది.

పుస్తకంలో లేని మార్పు

ఇప్పుడు నా ఫిర్యాదు. ఈ పద్ధతులను పరీక్షించే బిల్లులు ఎక్కడివి? చెయిన్‌స్టోర్ అనేది కాలిఫోర్నియా దుకాణాల గొలుసు నుంచి వచ్చింది. 11,12,949 బిల్లులు, 46,086 సరుకులు, లాభాలూ నిజమైనవే. ఇలాంటివి అరుదు. బెల్జియం రిటైల్ బిల్లులు నిజమైనవే గాని వాటి లాభాలు యాదృచ్ఛికంగా వేసినవి. చెస్ అనే డేటాలో 3,196 వరసలున్నాయి, అవి చదరంగం బల్ల మీది స్థితులు! స్థితిలోని ఒక్కో లక్షణానికి లాభం కట్టి, ఎన్ని కొన్నారో కూడా పాచికలతో తేల్చి, పదేళ్ళకు పైగా విలువైన జట్లను వెతుకుతూ వచ్చారు. మారే పుస్తకాన్ని పరీక్షించాలంటే మామూలుగా ఇలాంటి స్థిరమైన డేటానే ముక్కలుగా కోసి ఒక్కో ముక్క అందిస్తారు. అన్ని ముక్కలూ ఒకే పిండివి. అందులో వేసవి రాదు, ఆవకాయ సీజన్ పోదు, నూనె ధర ఎగరదు.

2024 సెప్టెంబరు 14న కేంద్రం ముడి పామాయిల్, సోయా, సన్‌ఫ్లవర్ నూనెల మీద మౌలిక దిగుమతి సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచింది. 2025 మే నెలాఖరులో దాన్ని 10కి దించింది. అదే ఏడాది సెప్టెంబరు 22న ఒంటి సబ్బు, టూత్‌పేస్టు, తలనూనెల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి వచ్చింది. అలాంటి రోజు పొద్దున కొట్టు తెరిచేసరికి కొత్త బిల్లు ఒక్కటీ పడలేదు, పాత బిల్లులో ఒక్క గీతా చెరగలేదు. అయినా కొన్న ధర, అమ్మే ధర కదిలాయి, పాత నిల్వ మీద మిగిలేది ఇక నిన్నటిది కాదు. ఐహెచ్‌యూపీ చెట్టుకు ఈ మార్పు చెప్పడమెలా? దాని ప్రతి కణుపులోనూ పాత లాభాలు కలిపేసిన మొత్తం ఉంది. పులుసులోంచి చింతపండు తీసినట్టు నూనె వాటాను అందులోంచి వేరు చేయలేం. జాబితాల పరిస్థితి సగం మెరుగు. రెండో అంకెను పాత లాభంతో భాగించి కొత్తదానితో గుణించి సరిచేసుకోవచ్చు. మూడో అంకెలో మాత్రం తరవాతి సరుకులన్నీ కలిసిపోయి ఉన్నాయి, అది మళ్ళీ కట్టాల్సిందే.

మన లెక్కలోనే లీటరు నూనె మీది లాభం 40 నుంచి 20కి పడితే, మొదటి నాలుగు బిల్లుల్లో ఆవపిండి, నూనె జట్టు 170 నుంచి 110కి దిగుతుంది. నూనె ఒక్కటే 120 నుంచి 60కి పడి జాబితా నుంచి జారిపోతుంది. ఇక్కడే చాలామంది గట్టిగా అడగని ప్రశ్న వస్తుంది. పాత బిల్లులకు కొత్త లాభం వేయాలా, వద్దా? నిరుడు ఎంత మిగిలిందో తెలియాలంటే వేయకూడదు. అదే కొనుగోళ్ళు ఈ ఏడాదీ జరిగితే ఎంత మిగులుతుందో తెలియాలంటే వేయాలి. ఒకటి ఖాతా, రెండోది అంచనా. మామూలు నిర్వచనంలో ప్రతి సరుకుకూ ఒకే స్థిరమైన లాభం కాబట్టి రెండూ ఒకటైపోయాయి. ఈ ముడిని సూటిగా పట్టుకున్నది 2019లో వియత్నాంకు చెందిన లోన్ న్యుయెన్, బే వో, వాళ్ళతో ఫోర్నియే-వీజే, సెంగ్. ఒకే సరుకుకు ఒక్కో బిల్లులో ఒక్కో లాభం ఉండవచ్చని ఒప్పుకుని, ఈఎఫ్‌ఐఎం పద్ధతిని దానికి తగ్గట్టు మలిచారు. నా దృష్టిలో గడిచిన పదేళ్ళలో నూటికి పది పాళ్ళ వేగం పెంచిన పత్రాలన్నిటికంటే ఇది ముఖ్యమైనది.

కొట్టు నుంచి వచ్చే మిగతా మార్పులకు కొంత మేరకు జవాబులున్నాయి. కొన్ని సరుకులను కొట్లు నష్టానికైనా అమ్ముతాయి, గిరాకీని లోపలికి రప్పించడానికి. నష్టాన్ని కూడితే టీడబ్ల్యూయూ జట్టు నిజమైన విలువ కంటే తగ్గిపోవచ్చు, అసలు జట్లే జారిపోతాయి. 2009లో చూ, సెంగ్, లియాంగ్ దాన్ని లాభాలతో మాత్రమే కట్టి ఈ చిక్కు విప్పారు. పాత బిల్లులను మరచిపోతూ పోయే కిటికీ పద్ధతులు వేగంగా పారే డేటాకు బాగుంటాయి గాని, నెల రోజుల కిటికీ పెడితే జూలైకల్లా ఆవకాయ జట్టు జ్ఞాపకంలోంచే చెరిగిపోతుంది. మామిడి ఊళ్ళకు సరిపోయేది 2011లో లాన్, హాంగ్, సెంగ్ చెప్పిన అర మీది విలువ. సరుకు అమ్మకానికి ఉన్న కాలాలను మాత్రమే లెక్కలోకి తీసుకుని, ఆ కాలాల మొత్తం లాభంతో పోల్చి చూడటం. ఏడాది మొత్తం మీద వెలవెలబోయే జట్టు, తన రెండు నెలల్లో రాజు కావచ్చు.

అప్పు మాటే ఎవరూ ఎత్తరు. ఊళ్ళ కొట్లలో, అంతకంటే ఎక్కువగా పురుగుమందుల షాపుల్లో, పూత మీద కొట్టే మందుకు డబ్బు కాయ అమ్ముడయ్యాకే వస్తుంది. ఈ శాస్త్రం బిల్లు పడిన క్షణంలోనే లాభం చేతికొచ్చిందనుకుంటుంది. పూత రాలి కాపు దెబ్బతింటే ఆ లాభంలో సగం గోడ మీది గీతగానే మిగిలిపోవచ్చు. తేనెమంచు పురుగు మందు, బూడిద తెగులు మందు కలిసి కొన్నవాళ్ళ జట్టు కాగితం మీద మహా విలువైనది. వసూలైనదాన్ని బట్టి కడితే క్రమం తలకిందులు కావచ్చు. వసూలు తేదీనీ మొత్తాన్నీ బిల్లుకు తగిలిస్తే అది పాత గీత సవరణ అవుతుంది. చేర్పు, తొలగింపు, సవరణ మూడింటిలో సవరణ మీద వచ్చిన పని పలచన.

వేగం గురించి ఒక మాట. రెడ్డిగూడెం స్థాయి కొట్టుకు నిజానికి పాత ఫలితాల మీద పెంచుకుంటూ పోయే పద్ధతే అక్కర్లేదు. ఏడాదికి పదుల వేల బిల్లులైనా, రాత్రి కొట్టు మూశాక ఈఎఫ్‌ఐఎం లాంటిదాన్ని మొదటినుంచి నడిపితే మామూలు ల్యాప్‌టాప్ చాలు. ఐహెచ్‌యూపీ సంతతి అవసరమయ్యేది నగరాల్లో వందల శాఖలున్న గొలుసులకు, నిమిషానికి వేల బిల్లులు పారే చోట. చిన్న కొట్టుకు కావలసింది అంతకంటే ముందటి పని. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోని సరుకుల పట్టికలో కొన్న ధర ఒక్కటే ఉండి, కొత్త లోడు రాగానే పాతది చెరిగిపోతే, ఎంత తెలివైన పద్ధతైనా నిరుటి ఆవకాయ సీజన్‌కు ఈ ఏటి లాభాన్నే అంటగడుతుంది. కాబట్టి బిల్లులోని ప్రతి గీతలో ఆ రోజు కొన్న ధర, అమ్మిన ధర, వసూలైన తేదీ విడివిడిగా నిలిచి ఉండాలి. ఆ మూడు గడులూ ఉంటే న్యుయెన్ బృందం పద్ధతిని ఖాతా లెక్కకు, జాబితాలను కొత్త లాభంతో మళ్ళీ కట్టి అంచనా లెక్కకు, ఒకే బిల్లుల మీద రెండు విధాలా నడపవచ్చు.